గళ్ళగుడ్డ మీద తెలుగెక్కడ?



క్రాస్ స్టిచ్ కుట్టును గురించి మనవారిలో స్థిరపడిపోయిన అభిప్రాయాలు రెండున్నాయి. అది తీరిక చిక్కిన ఆడవారి కాలక్షేపమన్నది మొదటిది. పటం చూసి గళ్ళు నింపడమే గాని అందులో కళ ఏమున్నదన్నది రెండవది. మొదటి మాట ఇంటి పెద్దల నోట వింటాము. రెండవ మాట చదువుకున్నవారి నోట, అందునా సాహిత్యం తెలిసినవారి నోట వింటాము. రెండూ తప్పేనని చెప్పడానికి ఈ టపా వ్రాస్తున్నాను. అయితే అంతటితో ఆగను. ఆ కుట్టు కుట్టేవారితో కూడా నాకొక తగవున్నది, నిజానికి పెద్ద తగవు అదే. తెలుగువారి చేతులు కుట్టి, తెలుగువారి గోడకు వ్రేలాడదీసిన గుడ్డ మీద తెలుగు అక్షరం ఎందుకు కనబడదు?

ముందుగా ఈ కుట్టు ఎరుగనివారి కోసం నాలుగు మాటలు. పడుగు, పేక సమానంగా ఉండి గళ్ళు గళ్ళుగా కనబడే గుడ్డ దీనికి కావాలి. ఒక్కొక్క గడిలో మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక కుట్టు, దాని మీదుగా ఎదురు మూలలకు మరొక కుట్టు. చూడడానికి లెక్కల పుస్తకంలోని గుణకారపు గుర్తు వలె ఉంటుంది. ఇంతే కుట్టు. తక్కినదంతా లెక్క. మన అంగళ్ళలో ముతక గళ్ళ గుడ్డను మ్యాటీ అంటారు, సన్నని గళ్ళది కావాలంటే ఐడా అని అడగాలి.

దీనికొక తెలుగు పేరు పెట్టరాదా అని పండితమిత్రులు అడుగుతారు. సైకిలును సైకిలనే అంటూ తొక్కుతున్నాము, క్రాస్ స్టిచ్‌ను కూడా ఆ పేరుతోనే కుడదాము. పేరు తెలుగు చేసి పనిని ఇంగ్లీషులో ఉంచడం కంటె, పేరు ఎలా ఉన్నా పనిని తెలుగు చేయడం మేలని నా పక్షం. ఇది దొరసానులు తెచ్చిపెట్టిన విద్య గదా అనేవారికి మాత్రం ఒక మాట. మన పొరుగున ధార్వాడ ప్రాంతపు కసూతి పనిలో గవంతి, ముర్గి, నేగి, మెంతి అని నాలుగు కుట్లున్నాయి. వీటిలో మెంతి అన్నది అచ్చంగా ఈ కుట్టే. గుడ్డ మీద గీత గీయకుండా, దారానికి ముడి వేయకుండా, పోగులు లెక్కపెట్టుకుంటూ గోపురాలను, రథాలను, తులసికోటలను, ఏనుగులను అక్కడి స్త్రీలు కుడుతూ వచ్చారు. ఇంగ్లీషు పుస్తకాలు రాకపోయినా ఈ విద్య మనకు కొత్త కాదు.

ఇక మొదటి ఆక్షేపణ. కాలక్షేపమన్న మాట వినడానికి నిరపాయంగా ఉంటుంది గాని, దాని వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. గోదావరి తీరాన నరసాపురం లేసు పనిని పరిశీలించి మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఒక పుస్తకం ప్రకటించింది. అక్కడి స్త్రీలు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నది, వర్తకులు బాగుపడుతున్నారు. అల్లినవారిని మాత్రం పనివారనరు, ఇంటిపట్టున ఉండి తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులంటారు. పని చేసేవారిని పనివారు కారన్న తరువాత కూలి ఎంత ఇచ్చినా ఎక్కువే అవుతుంది. ఆ పుస్తకం విప్పి చెప్పిన సంగతి ఇదే. లేసు వేరు, క్రాస్ స్టిచ్ వేరు. కాని రెంటికీ తగిలించిన మాట ఒక్కటే.

అమ్మకానికి కాక ఇంటికోసం కుట్టుకున్నప్పుడు కూలి ప్రసక్తి లేదు, నిజమే. గౌరవం ప్రసక్తి ఉన్నది. పురుషుడు 64 గళ్ళ ముందు గంటల తరబడి కూర్చుంటే చదరంగం, బుద్ధిబలం అంటాము. స్త్రీ అడ్డం 70, నిలువు 70 గళ్ళ పటం ముందు పెట్టుకొని 4,900 గళ్ళు తప్పు పోకుండా లెక్కించి కుడితే పొద్దుపోని పని అంటాము. ఇదెక్కడి న్యాయం?

అసలు ఇది ఆడవారి పని అన్నమాటే నిలిచేది కాదు. అలెక్సిస్ కాస్డాగ్లి అనే బ్రిటిషు మేజరు 1941లో క్రీటు ద్వీపంలో జర్మనులకు బందీగా చిక్కాడు. చెరలో ఉండగా చేతికందిన గుడ్డ మీద, దొరికిన దారాలతో ఆయన ఒక పటం కుట్టాడు. చూడడానికి సాదా పటం. దాని అంచు చుట్టూ చుక్కలు, గీతలు ఉన్నాయి. అలంకారమని తలచి జర్మనులు ఆ పటాన్ని తమ శిబిరాలలో ప్రదర్శనకు కూడా పెట్టారు. ఆ చుక్కలు, గీతలు మోర్సు సంకేతాలు. వాటిలో ఒక వరుస తన రాజు క్షేమాన్ని కోరుతున్నది, మరొక వరుస హిట్లరును పచ్చిగా తిడుతున్నది. శత్రువు చేతనే తన తిట్టును గోడకు వ్రేలాడదీయించిన సైనికుడిది ఏ పని అందాము? కాలక్షేపమందామా?

అంతకంటె నన్ను కదిలించినది ఎలిజబెత్ పార్కర్ అనే పిల్ల కుట్టిన గుడ్డ. ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతపు పేదింటి పిల్ల, 1813లో పుట్టింది. చిన్న వయసులోనే ఇళ్ళలో పనికి కుదిరింది. పనిచేసిన చోట దెబ్బలు తిన్నది, అవమానాలు పడింది, ప్రాణం తీసుకుందామన్న ఆలోచనతో పెనుగులాడింది. సుమారు 1830లో ఆ కథనంతా నారగుడ్డ మీద ఎర్రపట్టు దారంతో, సన్నని క్రాస్ స్టిచ్ అక్షరాలతో కుట్టింది. తనకు వ్రాయడం రాదని మొదలుపెట్టి పంక్తి తరువాత పంక్తిగా అంత కథను కుట్టుకుంటూ పోయింది! గుడ్డ మీద పువ్వు లేదు, తీగ లేదు, అంతా అక్షరమే. చివర తన ఆత్మకు ఏ గతి పట్టునోనని అడుగుతూ వాక్యం నడుమనే ఆగిపోతుంది. క్రింద ఖాళీ గుడ్డ. ఆ గుడ్డ నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. ఆ పిల్ల ప్రాణం తీసుకోలేదు. పెద్దదై ఆ ప్రాంతంలోనే బడిపంతులమ్మ అయింది. కలం అందనివారికి సూదే కలమైనది. ఆత్మకథలను గూర్చి గంటలకొద్దీ ఉపన్యసించే మనము సూదితో వ్రాసిన దానిని సాహిత్యంలో చేర్చడానికి ఎందుకు సంకోచించాలి?

రెండవ ఆక్షేపణ, గళ్ళు నింపడం కళ కాదన్నది. ఈ మాట అనేవారు సాహిత్యం చదివినవారు కాబట్టి వారి భాషలోనే జవాబు చెబుతాను. ఉత్పలమాల వ్రాసే కవి భ, ర, న, భ, భ, ర, వ అన్న గణాలను తాను కనిపెట్టలేదు. పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, రెండవ అక్షరం ప్రాస. గురులఘువుల గళ్ళు ముందే గీసి ఉన్నాయి, ఆయన నింపుతున్నాడు. ఆ గళ్ళలో ఏ మాట పడుతుందో అక్కడ ఉన్నది కవిత్వం. ఏ గడిలో ఏ రంగు పడుతుందో అక్కడ ఉన్నది కుట్టు. పదవ అక్షరం తప్పితే పద్యమెలా కుంటుతుందో, పదవ గడి తప్పితే చిలుక ముక్కు అలా వంకర పోతుంది. లెక్కకు లోబడి అందాన్ని సాధించడమనే క్రమశిక్షణ రెండింటిలోనూ ఒకటే. పద్యాన్ని నెత్తిన పెట్టుకొని కుట్టును తీసిపారవేయడం పండితులకు తగదు.

అయితే ఎదుటివారి వాదంలో ఉన్న పాటి సత్యాన్ని కూడా ఒప్పుకోవాలి. ఎవరో గీసిన పటాన్ని జీవితాంతం నింపుతూ కూర్చుంటే, అది పక్కవారి పద్యాలను అందమైన దస్తూరితో ఎత్తివ్రాసుకోవడం వంటిది. దస్తూరి అభ్యాసానికి అది అవసరమే, ఆనందం కూడా ఇస్తుంది. కాని ఏదో ఒకనాడు సొంత పద్యం వ్రాయాలి గదా! ఇక్కడికి వచ్చేసరికి నా తగవు కుట్టేవారి మీదికి మళ్ళుతుంది.

తెలుగు లోగిళ్ళలో అద్దాల ఫ్రేములలో బిగించిన కుట్టుపటాలను గమనించండి. ‘వెల్కమ్’ అని ఉంటుంది, ‘హోమ్ స్వీట్ హోమ్’ అని ఉంటుంది, ‘గుడ్ లక్’ అని ఉంటుంది. అన్నీ ఇంగ్లీషు లిపిలోనే. కుట్టినవారు గుణింతాలు దిద్ది చదువుకున్నవారే, వారిలో కొందరికి ఇంగ్లీషు అంతంతమాత్రం. మరి తెలుగులో ఎందుకు కుట్టలేదంటే, పుస్తకంలో అలాగే ఉన్నదంటారు, తెలుగు అక్షరం గళ్ళలో ఇమడదంటారు.

ఇమడదన్న ఈ మాట మనకు కొత్త కాదు. టైపుమిషను వచ్చినప్పుడు తెలుగు దానికి ఇమడదన్నారు, యంత్రానికి సరిపడేటట్లు లిపినే సంస్కరించాలన్నవారు కూడా ఉన్నారు. కంప్యూటరు వచ్చినప్పుడు మళ్ళీ అదే పాట. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఆ తరువాత కూడా, తెలుగులో టైపు చేయడం అయ్యే పని కాదని చెప్పినవారికి మనమందరము బ్లాగులు వ్రాసి జవాబు చెప్పాము. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరం తెర మీద దేనితో ఏర్పడింది? చిన్న చిన్న చదరపు చుక్కలతోనే. దానిని భూతద్దంలో చూస్తే క్రాస్ స్టిచ్ పటమే కనబడుతుంది. తెర మీద ఇమిడిన అక్షరం గుడ్డ మీద ఎందుకు ఇమడదు?

ఇమడదనడం కన్న, కాస్త ఎక్కువ చోటు అడుగుతుందనడం న్యాయం. ఇంగ్లీషు పెద్ద అక్షరం అడ్డం 5, నిలువు 7 గళ్ళలో సర్దుకుంటుంది. తెలుగుకు అది చాలదు. తలకట్టు, గుడి పైకి పోతాయి, ఒత్తులు క్రిందికి దిగుతాయి. నేను అనుసరిస్తున్న కొలత ఇది. తలకట్టుకు, గుడికి పైన 5 వరుసలు, అక్షరం ఒంటికి నడుమ 9, ఒత్తులకు క్రింద 6, మొత్తం 20 వరుసలు. అంగుళానికి 14 గళ్ళుండే గుడ్డ మీద ఇది అంగుళంన్నర లోపే. ‘శుభమస్తు’ అని కుట్టాలంటే అడ్డంగా సుమారు 62 గళ్ళు పడతాయి, అంటే నాలుగున్నర అంగుళాలు. గోడ మీద ఈమాత్రం చోటు తెలుగుకు ఇవ్వలేమా?

మొదలు సున్నతో పెట్టండి. 5 గళ్ళ చదరం చుట్టూ కుట్టి, నాలుగు మూలలు వదిలివేస్తే 12 కుట్లతో సున్న వస్తుంది. తలకట్టుకు ఎడమన ఒక కుట్టు, దాని క్రింద కుడివైపు మూలకు తగిలేటట్లు మరొకటి, అక్కడినుంచి కుడిపైకి ఏటవాలుగా మూడు. మూలలు తాకే కుట్లు దూరం నుంచి ఒకే గీతగా కనబడతాయి, గుండ్రనిదనానికి ఇదే కీలకం. వంపు మరీ మొరటుగా తోస్తే కుట్ల వెలుపలి అంచు వెంబడి ఒంటి పోగుతో బ్యాక్ స్టిచ్ నడపండి, అక్షరం నునుపు తేలుతుంది. ద, ధ, థ లను ముందే ఆలోచించి గీయాలి. ద కు ఏమీ లేదు, ధ కు క్రింద చిన్న గీత, థ కు ఆ గీతతోపాటు కడుపులో చుక్క. ఆ చుక్క సరిగా నడుమ కూర్చోవాలంటే కడుపులోని ఖాళీ 3 గానీ 5 గానీ ఉండాలి, సరిసంఖ్య పనికిరాదు. గ, ర, ట, న వంటి వాటితో చేయి తిరిగిన తరువాత ఘ, ఝ ల జోలికి పోవచ్చును.

ఇక కుట్టు విషయంలో కొత్తవారికి కొన్ని సూచనలు. అనుభవజ్ఞులు క్షమింతురు గాక.

1. గళ్ళ సంఖ్యను అంగుళానికున్న గళ్ళతో భాగిస్తే కొలత వస్తుంది. 70 గళ్ళ పటం 14 గళ్ళ గుడ్డ మీద 5 అంగుళాలు. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదిలి గుడ్డ కోయండి, లేకుంటే ఫ్రేము కట్టేవాడు మీ అంచు తింటాడు.

2. గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడిమి గడిని గుర్తించండి. పటం నడుమ నుంచి గుడ్డ నడుమకు మొదలుపెట్టండి. అంచులు పోగులు ఊడకుండా ముందే కాజా కుట్టు వేసుకోండి.

3. ప్రతి 10 గళ్ళకు ఒక తేలిక రంగు దారాన్ని కుట్లు కుట్లుగా పోనిచ్చి గుడ్డ మీద పెద్ద గళ్ళు కట్టుకోండి. లెక్క తప్పినా ఆ పదిలోనే దొరుకుతుంది. పని ముగిసిన తరువాత లాగివేయవచ్చును.

4. సూది మొన మొద్దుగా ఉండాలి. వాడిసూది పోగును చీలుస్తుంది. 14 గళ్ళ గుడ్డకు 24 నంబరు టేపెస్ట్రీ సూది సరిపోతుంది.

5. లచ్చి దారంలో 6 పోగులుంటాయి. 14 గళ్ళ గుడ్డకు 2 పోగులు చాలు. పోగులను ఒక్కొక్కటిగా లాగి తరువాత జత చేయండి. దారం పొడవు మూరెడు మించనీయకండి, పేరాశకు పోతే చిక్కు పడుతుంది.

6. ముడి వేయకండి, ముడి ఉన్నచోట గుడ్డ బొడిపె కడుతుంది. రెండు మూరల ఒంటి పోగును సగానికి మడిచి, రెండు కొసలూ సూదిలోకి ఎక్కించి, మొదటి కుట్టు వేసేటప్పుడు వెనుక మిగిలిన ఉచ్చులోనుంచి సూదిని పోనివ్వండి. చివరి కొసను వెనుకనున్న నాలుగైదు కుట్ల క్రిందికి దూర్చండి.

7. ప్రతి కుట్టులోను పై కాలు ఒకే దిక్కుకు వాలాలి. ఇది ఈ విద్యకు యతినియమం వంటిది. నాలుగు కుట్లు ఎదురు వాలినా, వెలుతురు పడినప్పుడు అక్కడ మచ్చ వలె కనబడుతుంది.

8. దారం మెలిపడితే సూదిని వదలి క్రిందికి వ్రేలాడనివ్వండి, దానంతటదే విప్పుకుంటుంది. పని ఆపినప్పుడు గుడ్డను గుండ్రటి ఫ్రేములోనుంచి తీసివేయండి, లేదా వలయపు గుర్తు పట్టుకుంటుంది.

9. ఎరుపు, ముదురు నీలం రంగులు దిగుతాయి. తడి తెల్లగుడ్డ మీద దారాన్ని అద్ది చూసిన తరువాతనే మొదలుపెట్టండి. చల్లని నీటిలో పిండకుండా ఉతికి, తువ్వాలు మీద బోర్లా పరచి వెనుకవైపు నుంచి ఇస్త్రీ చేయండి.

10. పగటి వెలుతురు మేలు. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమ నుంచి రావాలి. పావుగంటకొకసారి తల ఎత్తి దూరపు చెట్టును చూడండి. నావంటి వయసువారికి ఇది సలహా కాదు, నిబంధన.

ఇంత చెప్పిన తరువాత కూడా, ఒక గుడ్డ మీద ఏ లిపి ఉంటేనేమి, ఇంత గొడవ దేనికి అని అడుగుతారు. పాలస్తీనా స్త్రీలను చూడండి. తత్రీజ్ అనే వారి కుట్టులో ప్రధానమైనది క్రాస్ స్టిచ్చే. దుస్తుల ఎదభాగం మీద కుట్టిన నమూనాలను చూసి ఈమె ఫలానా ప్రాంతపు మనిషి అని గుర్తించగలిగేవారు. 1948 తరువాత ఊళ్ళు పోయినవారికి ఆ కుట్టే ఊరి గుర్తుగా మిగిలింది. 1987లో మొదలైన తిరుగుబాటు కాలంలో జెండా ఎగురవేయడం నిషిద్ధమైతే, ఆ జెండా రంగులను స్త్రీలు తమ దుస్తుల మీద కుట్టుకున్నారు. 2021లో యునెస్కో ఈ కుట్టును మానవాళి సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చింది. జెండాను దాచుకోవడానికి కూడా చోటులేనివారు తమ గుర్తును గుడ్డ మీద నిలుపుకున్నారు. ఏ నిషేధమూ లేని మనము మన గుమ్మం మీది స్వాగతాన్ని కూడా ఇంగ్లీషులో కుడుతున్నాము. మనలను ఎవరూ అడ్డగించలేదు. మనకే తోచలేదు.

యంత్రం నిమిషాలలో కుట్టిపెట్టే దానికి నెలలు ఎందుకని మరికొందరంటారు. ఈ ప్రశ్న బ్లాగు వ్రాసేవారిని అడగరాదు. పారితోషికం లేని టపాలను అర్ధరాత్రి వరకు దిద్దుకున్నవారము మనము. నలుగురు చదివి ఇద్దరు వ్యాఖ్య వ్రాస్తే పొంగిపోయినవారము. ఫలం కోసం కాక పని కోసమే పని చేయడంలోని సుఖం మనకొకరు చెప్పాలా? కుట్టేవారి సుఖమూ అదే. మనది సాహిత్యసేవ, వారిది పొద్దుపోని పని అనడం మాత్రం మానుకుందాము.

చివరగా రెండు విన్నపాలు. మొదటిది కుట్టేవారికి. మీ ప్రతి పటం మూలన మీ పేరు, సంవత్సరం తెలుగులో కుట్టండి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టాక్ పేరు, 1598 అన్న సంవత్సరం కుట్టిన గుడ్డ ఉన్నది. ఆమె ఎవరో ఇన్ని శతాబ్దాల తరువాత కూడా పేరుపెట్టి తలచుకుంటున్నారంటే, ఆ కొన్ని కుట్లే కారణం. మన బీరువాలలో మడతలు పెట్టి ఉన్న దిండు గలీబులు, బల్లగుడ్డలు ఏ అమ్మమ్మ కుట్టినవో, ఏ పెద్దమ్మ కుట్టినవో చెప్పగలిగేవారు ఇంటికొకరు కూడా మిగలడం లేదు. ఉన్నవారిని నేడే అడిగి, వెనుకవైపు ఒక చిన్న గుడ్డముక్క మీద ఆ పేరు కుట్టి అతికించండి.

రెండవది సాంకేతికం తెలిసిన మిత్రులకు. కీబోర్డు తెలియనివారి చేత కూడా తెలుగు వ్రాయించిన సముదాయం మనది. అచ్చులకు, హల్లులకు, గుణింతాలకు, ఒత్తులకు గళ్ళపటాలు గీసి, ఒకరు గీసినది మరొకరు దిద్ది, ఎవరైనా ఉచితంగా తీసుకొనేటట్లు పెట్టడం మనకు అసాధ్యమా? అ నుంచి అః వరకు నేను గళ్ళకాగితం మీద గీసి ఉంచాను. హల్లులు మీరందుకోండి. ఘ, ఝ ల దగ్గర ఎలాగూ తగవు తప్పదు, అప్పుడు తీరికగా పోట్లాడుకుందాము.